డాక్టర్ హూ క్రిస్మస్ కథకు మొదటి రాత్రే ఎందుకు తిట్లు పడతాయి?

మీరు విశాఖపట్నం నుంచి రాసిన ప్రశ్న ఇది. కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి 'డాక్టర్' కథల బీబీసీ సీరియల్ డాక్టర్ హూను రెండేళ్ళుగా చూస్తున్నారు. 2024 క్రిస్మస్ కథ 'జాయ్ టు ద వరల్డ్'ను ఆ రాత్రే, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఫోనులో ఒంటరిగా చూశారు. చివర్లో కన్నీళ్ళు ఆగలేదు. పొద్దున లేచి పాత అభిమానుల మాటలు చదివితే సగం మంది 'అతుకుల బొంత' అని తేల్చేశారు. "ప్రతి క్రిస్మస్ కథకూ ఇదే వరసా? లేక లోపాలు నాకే కనిపించలేదా?" అని అడిగారు.

ముందు రెండో ప్రశ్న. లోపాలు ఉన్నాయి, వాటిలో కొన్ని మీ కంటపడి ఉండకపోవచ్చు. అయినా మీకు కన్నీళ్ళు వచ్చిన చోటు సరైన చోటే. దాని గురించి చివర్లో చెబుతాను. మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. 2005 నుంచి ఈ క్రిస్మస్ కథల్ని వచ్చిన రోజే చూస్తున్నాను. ఆ రాత్రి అభిమానులు అన్న మాటల్ని, అయిదారేళ్ళ తరవాత వాళ్ళే అనే మాటల్ని పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. ఆ రెండూ ఒకటిగా ఉన్నది చాలా అరుదు.

2005 డిసెంబరు 25 సాయంత్రం నేను వేల్స్‌లో ఒక ఆసుపత్రి వార్డులో డ్యూటీలో ఉన్నాను. ఆ దేశానికి వెళ్ళి అప్పటికి ఏడాదిన్నర. పెళ్ళయిన వాళ్ళు, పిల్లలున్న వాళ్ళు సెలవు తీసుకుంటారు కాబట్టి పండగ డ్యూటీలు నాలాంటి వాళ్ళకు పడేవి. వార్డు చివర టీవీ గదిలో నలుగురు రోగులు, కేరళ నుంచి వచ్చిన ఒక నర్సు, తలుపు దగ్గర నిలబడి నేను. 'ద క్రిస్మస్ ఇన్వేజన్' మొదలైంది. డేవిడ్ టెనెంట్ కొత్త డాక్టర్‌గా చేసిన మొదటి పూర్తి కథ అది. చావు దగ్గరికి వచ్చినప్పుడు డాక్టర్ కొత్త ముఖంలోకి మారిపోతాడు, అలా నటుడూ మారతాడు. అంతకుముందు క్రిస్టఫర్ ఎక్లెస్టన్ పదమూడే ఎపిసోడ్లు చేసి వెళ్ళిపోయాడు. కొత్తవాడు ఎలా ఉంటాడోనని అభిమానులందరికీ గుబులు. తీరా చూస్తే కొత్త డాక్టర్ పైజామా వేసుకుని కథలో చాలాసేపు మంచం మీద నిద్రపోతూనే ఉన్నాడు.

ఎనభై దాటిన ఒక పెద్దావిడ నా వైపు తిరిగి "ఇతనేనా కొత్తవాడు? ఎప్పుడు లేస్తాడు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. క్రిస్మస్ చెట్టు గిరగిరా తిరుగుతూ మనుషుల మీదికి వస్తుంటే ఆవిడ పకపకా నవ్వింది. ఫ్లాస్కులో తెచ్చిన టీ డాక్టర్ కాలప్రయాణ ఓడ టార్డిస్‌లో ఒలికి, ఆ ఆవిరి పీల్చి డాక్టర్ లేచినప్పుడు గదిలో అందరం ఒక్కసారి కేక వేశాం. టీ తాగితే మనిషి లేచి కూర్చుంటాడన్న సంగతి ఆ గదిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ తరవాత కత్తియుద్ధం. చివరికి డాక్టర్ ఇంటి గౌను జేబులోంచి ఒక కమలాపండు తీసి విసిరితే మీట నొక్కుకుని శత్రువు కింద పడిపోతాడు. ఆ గదిలో డాక్టర్ హూ అభిమాని ఎవరూ లేరు, అప్పటికి నాతో సహా.

క్రిస్మస్ కథ తయారయ్యేది ఆ గది కోసం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మూడు గంటలకు రాజుగారి (2021 దాకా రాణిగారి) ప్రసంగం అయ్యాక, సాయంత్రం సోఫా మీద తాతయ్య నుంచి మనవరాలి దాకా అందరూ కూర్చుంటారు. వాళ్ళలో డాక్టర్ హూ క్రమం తప్పకుండా చూసేది ఒక్కరో ఇద్దరో. మన సంక్రాంతి సినిమా లెక్క ఇదే. హీరో అభిమాని కోరేది ఒకటి, పండక్కి ఇంటిల్లిపాదీ కోరేది మరొకటి. అభిమాని ఏడాదంతా ఒక గొలుసుకథలో తరవాతి కొక్కెం కోసం కాచుకుని ఉంటాడు. అతని చేతికి ఆ రాత్రి ఎదురింటివాళ్ళకు కూడా అర్థమయ్యే కథ ఒకటి అందుతుంది. మొదటి రాత్రి కోపంలో సగం అక్కడే పుడుతుంది.

ఈ గొడవ 2005లో పుట్టింది కూడా కాదు. 1965 డిసెంబరు 25న 'ద ఫీస్ట్ ఆఫ్ స్టీవెన్' అనే భాగం ప్రసారమైంది. డాలెక్ అనే పాత శత్రువులతో పన్నెండు భాగాల భయంకరమైన కథ మధ్యలో హఠాత్తుగా పోలీస్ స్టేషన్ హాస్యం, మూకీ సినిమా షూటింగుల్లో పరుగులు. చివర్లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ గ్లాసు ఎత్తి నేరుగా కెమెరా వైపు తిరిగి, ఇళ్ళలో ఉన్న మీ అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు అన్నాడు. డాక్టర్ ప్రేక్షకులతో మాట్లాడవచ్చా అని అరవై ఏళ్ళ తరవాత కూడా వాదించుకునే వాళ్ళున్నారు. బీబీసీ ఆ టేపును చెరిపేసింది. ఇంట్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకున్న అభిమానుల పుణ్యమా అని శబ్దం మాత్రం మిగిలింది. పండగ పూట వచ్చిన తేలికపాటి భాగాన్ని కూడా అంత శ్రద్ధగా దాచుకున్నది అభిమానులే. వాళ్ళు తిట్టినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

2005కి మళ్ళీ వస్తాను. ఆ రాత్రి వచ్చిన పెద్ద ఫిర్యాదు 'కొత్తవాడిని చూద్దామంటే పడుకోబెట్టారు' అన్నది. ఇప్పుడు అభిమానులు రచయిత రసెల్ టి. డేవిస్‌ను మెచ్చుకునేది సరిగ్గా దానికే. చాలాసేపు 'డాక్టర్ లేకపోతే ఏమవుతుంది' అని చూపించి, మనమంతా అతను లేవాలని కోరుకునేలా చేశాడని. ఇంకో వాదం మాత్రం ఈనాటికీ తెగలేదు. వెళ్ళిపోతున్న శత్రువుల ఓడను ప్రధాని హారియెట్ జోన్స్ పేల్చేయిస్తుంది. డాక్టర్ ఆగ్రహించి, ఆమె సహాయకుడి చెవిలో 'ఆవిడ అలసిపోయినట్టు లేదూ?' అని ఒక్క మాట అంటాడు. ఆ మాటతో ఆమె పదవి పోతుంది. ఆ రాత్రి చాలామంది భలే అన్నారు. 2007లో ఆ ఖాళీలోకి డాక్టర్ పాత శత్రువు మాస్టర్ మారుపేరుతో ప్రధానిగా వచ్చి లోకాన్ని నాశనం చేశాక లెక్క మారింది. 2008లో అదే హారియెట్ జోన్స్ డాక్టర్‌ను అందరితో కలపడానికి ప్రాణం ఇచ్చాక ఇంకా మారింది. డాక్టర్ చేసిన తప్పుల్లో అది పెద్దదని ఇప్పుడు నేను కూడా నమ్ముతాను. పైగా కథ చివర్లో పిల్లలు కేరింతలు కొట్టే ఆ మంచు నిజానికి మంచు కాదు, పేల్చేసిన ఓడ బూడిద. పండగ పూట అంత చేదును పిల్లల ముందు పెట్టి, ఎవరి నోటికీ తగలకుండా మింగించాడు డేవిస్.

జనం లెక్కలు చూస్తే ఇంకో విడ్డూరం. 2005 కథను 98 లక్షల మంది చూశారు. 2007లో అంతరిక్ష టైటానిక్ కథ 'వాయేజ్ ఆఫ్ ద డామ్డ్'కి కైలీ మినోగ్ వచ్చింది, 1 కోటి 33 లక్షల మంది చూశారు. 2005 తరవాత డాక్టర్ హూకి వచ్చిన ప్రేక్షకుల్లో అదే అత్యధికం. అభిమానుల ఓటింగుల్లో మాత్రం ఆ కథ ఎప్పుడూ పైవరసలో ఉండదు. యాంత్రిక దేవదూతలు డాక్టర్‌ను చెరో చేయి పట్టుకుని పైకి ఎగరేసుకుపోయే దృశ్యం దేవుణ్ణి చేసి కూర్చోబెట్టినట్టుందని చాలామంది చిరాకుపడ్డారు. వాళ్ళది సరైన మాటే. కానీ ఆ దృశ్యమే మా పక్కింటి ఆరేళ్ళ పిల్లాడికి ఇరవై దాటాక కూడా గుర్తుంది.

అభిమానుల కోపంలో మిగతా సగం వియోగం. డాక్టర్లు క్రిస్మస్‌కే వెళ్ళిపోతుంటారు. టెనెంట్ చివరి కథ 'ది ఎండ్ ఆఫ్ టైమ్' 2009 క్రిస్మస్‌న మొదలై 2010 జనవరి 1న ముగిసింది. 'అతను నాలుగుసార్లు తలుపు తడతాడు' అని నెలల తరబడి జోస్యం. మాస్టర్ తలలో మోగే నాలుగు దరువులే అవి అని అందరం నమ్మాం. గండం గడిచింది, తాను బతికిపోయానని డాక్టర్ అనుకుంటున్న క్షణంలో వెనకనుంచి మెత్తగా, మర్యాదగా, గాజు తలుపు మీద నాలుగు తట్లు. లోపల ఇరుక్కుపోయిన ముసలాయన విల్ఫ్రెడ్, తనను బయటికి తీయమని. ఆ వేషం వేసిన బెర్నార్డ్ క్రిబిన్స్ ముఖంలో ఆ బెరుకు చూడండి. డాక్టర్ చావు శత్రువు చేతిలో లేదు, తనకు ఎంతో ఇష్టమైన మనిషి చేతిలో ఉంది. ఈ దృశ్యం గొప్పదని అప్పుడూ ఇప్పుడూ అందరూ ఒప్పుకుంటారు. ఆ తరవాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వీడ్కోలు చెప్పే సుదీర్ఘ భాగం, 'నాకు వెళ్ళాలని లేదు' అన్న చివరి మాట మీదే తగాదా. తరవాత డాక్టర్‌గా రాబోయే మ్యాట్ స్మిత్‌కు అది అన్యాయమని ఆ రాత్రి నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఆసుపత్రిలో పనిచేసేకొద్దీ ఆ మాట ఎంతమంది నోట విన్నానో.

2013 'ద టైమ్ ఆఫ్ ద డాక్టర్' విషయంలో అభిమానుల కోపం న్యాయమైనదే. 2010 నుంచి పేరుకుపోయిన చిక్కుముళ్ళన్నీ, గోడలో పగులు, సైలెన్స్ అనే శత్రువులు, టార్డిస్ పేలుడు, ట్రెన్జలోర్ గ్రహం, ఒక్క గంటలో విప్పాలి. కొన్ని జవాబులు ఒక్కో వాక్యంలో దొర్లిపోయాయి. కొత్తగా చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు, పాతవాళ్ళకు ఏదీ తనివితీరలేదు. దానికితోడు స్మిత్ వేరే సినిమా కోసం గుండు చేయించుకుని విగ్గుతో నటించాడు. పాత సహచరిగా వీడ్కోలుకు వచ్చిన కరెన్ గిలన్‌దీ అదే పరిస్థితి. ఆమె అతని చెంప నిమిరి గుడ్‌నైట్ చెప్పే చోట తెర మీద ఉన్న రెండు తలలకూ విగ్గులే. ఈ సంగతి తెలిసి కూడా నేను ఆ చోట కళ్ళు తుడుచుకుంటాను.

ఆ కథలోదే ఇంకొక చిన్న పని చెప్పాలి. అక్కడ క్రిస్మస్ భోజనాల బల్ల మీద క్రాకర్ అని ఒకటి పెడతారు. రంగు కాగితం చుట్టిన గొట్టం. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే టప్పున తెగుతుంది, లోపల కాగితపు కిరీటం, ఒక చీటీ ఉంటాయి. వందల ఏళ్ళు ఆ ఊరిని కాపాడి ముసలివాడైన డాక్టర్‌కు దాన్ని లాగే సత్తువ లేదు. అతని సహచరి క్లారా తన చేతిని అతని చేతిమీద వేసి లాగుతుంది. చాలామంది ఆ రాత్రి దాన్ని పట్టించుకోలేదు. మరుసటి ఏడాది 'లాస్ట్ క్రిస్మస్'లో, కలలో ముసలిదైపోయిన క్లారా క్రాకర్ లాగలేకపోతే పీటర్ కపాల్డీ డాక్టర్ ఆమె చేతిమీద చెయ్యి వేసి లాగుతాడు. ఒక్క మాట లేదు. ఆ రాత్రి నుంచి 2013 కథ మీద నా అభిప్రాయం మారింది, నాలాంటి వాళ్ళు చాలామందికి మారింది. సాంటాక్లాజ్ వేషంలో నిక్ ఫ్రాస్ట్ వస్తాడని తెలిసినప్పుడు 'చిన్నపిల్లల కథ చేశారు' అని ముందే పెదవి విరిచినవాళ్ళు కూడా 'లాస్ట్ క్రిస్మస్'ను ఇప్పుడు మంచి కథల్లో లెక్కపెడతారు.

2017 'ట్వైస్ అపాన్ ఎ టైమ్' గురించి ఒక సంగతి తెలిస్తే తీర్పు మారుతుంది. ఆ జూలై 1న వచ్చిన కథ చివర్లోనే కపాల్డీ రీజనరేషన్, అంటే కొత్త ముఖంలోకి మారడం, మొదలైంది. సీరియల్ బాధ్యతంతా చూసే కొత్త షోరన్నర్ క్రిస్ చిబ్నల్‌కు తన తొలి కథ క్రిస్మస్ కథ కావడం ఇష్టం లేదు. ఒక ఏడాది వదిలేస్తే క్రిస్మస్ చోటు పోతుందేమోనని అప్పటి షోరన్నర్ స్టీవెన్ మొఫాట్ ఆగి ఇంకొకటి రాశాడు. 'కథలో అసలు విలనే లేడు, అదనపు గంట ఎందుకు' అన్న విమర్శకు అసలు కారణం అది. మొదటి డాక్టర్‌ను ఆడవాళ్ళ మీద మోటు మాటలు అనేవాడిగా చూపించారన్న కోపం ఇంకా పెద్దది. ఆ మాటల్లో ఒకటి నిజంగానే 1964 నాటి కథలోది, అప్పుడు మనవరాలితో అన్నది. దాన్ని తీసుకొచ్చి అతని స్వభావమంతా అదేనన్నట్టు మళ్ళీ మళ్ళీ అనిపించడం హార్ట్‌నెల్ కథలు శ్రద్ధగా చూసినవాళ్ళకు నొప్పి కలిగించింది. నాకూ కలిగింది. కానీ 1914లో రెండు పక్షాల సైనికులూ తుపాకులు దించి కందకాల్లోంచి పాడుతూ బయటికి వచ్చే చోటికి కథ చేరినప్పుడు, విలన్ లేకపోవడమే దాని విషయమని అర్థమవుతుంది.

ఆ తరవాత పండగ కథ 2019 నుంచి నాలుగేళ్ళు జనవరి 1కి మారింది. అందులో చెప్పుకోవలసినవి తక్కువ. కానీ క్రిస్మస్ కథల్ని ఏటా తిట్టినవాళ్ళే ఆ డిసెంబర్లలో వాటి కోసం బెంగపెట్టుకున్నారు.

2023లో 'ద చర్చ్ ఆన్ రూబీ రోడ్'తో కొత్త డాక్టర్‌గా షూటీ గాట్వా వచ్చాడు, క్రిస్మస్ తిరిగొచ్చింది. గాబ్లిన్లు పసిపాపను తినబోతూ పాట పాడతాయి. ఇది సైన్స్ ఫిక్షనా, జానపద కథా అని పెద్ద రభస. ఆ రభసలో జనం చూడవలసినది జారిపోయింది. డాక్టర్ కొత్త సహచరి రూబీ అసలు పుట్టనే లేదన్నట్టు లోకం మారిపోయినప్పుడు ఆమె పెంపుడు తల్లి కార్లాను గమనించండి. ముప్ఫై ముగ్గురు పిల్లల్ని చేరదీసిన మనిషి, వాళ్ళ ఫొటోలతో కళకళలాడిన ఇల్లు. రూబీ లేని లోకంలో అదే మనిషి కటువుగా, డబ్బు లెక్కలతో ఉంటుంది. డాక్టర్ కంట ఒక్క చుక్క. నాకు అది గట్టి సైన్స్ ఫిక్షనే. ఒక్క మనిషిని తీసేస్తే మిగతావాళ్ళు ఏమవుతారన్నది కాలప్రయాణ కథలు అడగవలసిన ప్రశ్న కాదా? మొదటి రాత్రి దాదాపు 47 లక్షల మంది చూశారు. తరవాత చూసినవాళ్ళను కలిపితే 75 లక్షలకు దగ్గరైంది. అంటే పండగ రాత్రి అందరూ ఒకే గదిలో కూర్చునే అలవాటే సడలుతోంది.

ఇప్పుడు మీ కథ. 'జాయ్ టు ద వరల్డ్' మీద వచ్చిన విమర్శల్లో రెండు నేను ఒప్పుకుంటాను. నికోలా కాఫ్‌లన్ పోషించిన జాయ్ పేరే కథకు పెట్టి, మధ్యలో ఆమెను చాలాసేపు పక్కన పెట్టేశారు. డాక్టర్ లండన్‌లో ఒక మామూలు హోటల్లో ఏడాది పాటు ఇరుక్కుపోయి, అక్కడి మేనేజర్ అనితతో స్నేహం చేసే భాగం ఎంత బాగుందంటే, మిగతా కథ దాని పక్కన చిన్నబోయింది. బాగాలేదన్నవాళ్ళు కూడా అనితను సహచరిగా తీసుకోమన్నారు. టార్డిస్‌లో కుర్చీ ఒక్కటీ లేదన్న సంగతి మనకు ఆ హోటల్ గదిలో తెలిసొస్తుంది. కూర్చోమనడానికి ఎవరూ లేని ఇల్లు అది. రెండోది బెత్లెహేము నక్షత్రం. జాయ్ ఆ నక్షత్రంగా మారడం వరకు చాలు, ఊరి పేరు కూడా చూపించనక్కర్లేదు.

మూడో విమర్శ ఒప్పుకోను. 'కోవిడ్ ప్రస్తావన ఎక్కడినుంచో ఊడిపడింది' అన్నారు. జాయ్ ఎందుకు కోపంతో పేలిపోతుందో మళ్ళీ చూడండి. ఆమె చేతికి అంటుకున్న పెట్టె ఆమె మనసును లొంగదీసుకుంది. ఆ పట్టు విడిపించడానికి డాక్టర్ కావాలనే ఆమెను గుచ్చి గుచ్చి అవమానిస్తాడు. అప్పుడు ఆమె లోపల తొక్కిపెట్టినది బయటికి వస్తుంది. క్రిస్మస్ రోజున తల్లి ఆసుపత్రిలో చనిపోతుంటే నిబంధనలకు కట్టుబడి తాను టాబ్లెట్ తెర మీదే వీడ్కోలు చెప్పింది, ఆ నిబంధనలు పెట్టినవాళ్ళు మాత్రం విందులు చేసుకున్నారు. అది హఠాత్తుగానే రావాలి. 2020 డిసెంబరులో నేను వార్డులో ఆ తెరను పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఒకణ్ణి. రెండు గ్లవ్స్ వేసుకున్న చేతితో టాబ్లెట్‌ను రోగి ముఖానికి ఎంత దగ్గరగా పెట్టాలో తెలిసేది కాదు. అవతల కూతురు 'కొంచెం పక్కకు తిప్పండి, అమ్మ కళ్ళు కనిపించడం లేదు' అంటుంది. తిప్పేవాణ్ణి. ఆ మనుషుల్ని తరవాత ఎప్పుడైనా బజారులో చూస్తే చక్కగా నవ్వుతూ మాట్లాడతారు, జాయ్ హోటల్ గుమ్మంలో మాట్లాడినట్టే. లోపలిది ఎవరైనా గుచ్చితే తప్ప రాదు. ఈ కథ రాసిన మొఫాట్‌కు అది తెలుసు, కాఫ్‌లన్‌కు తెలుసు. మీకూ తెలిసింది కాబట్టే మీ కళ్ళు చెమర్చాయి.

2025 మే 31న గాట్వా వెళ్ళిపోయి, ఒకప్పుడు డాక్టర్ సహచరిగా చేసిన బిల్లీ పైపర్ ముఖం కనిపించింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు కథ లేదు. 2026 క్రిస్మస్‌కు డేవిస్ రాసే కథ వస్తుందని బీబీసీ 2025 అక్టోబరులో ప్రకటించిన గంటలోనే, ఒక్క వాక్యం కూడా చూడకుండా తిట్లు మొదలయ్యాయి. అవి చదివి మీరు బెదరకండి. అందులో సగం బిల్లీ పైపర్ గురించి కాదు, గాట్వా రెండే సీజన్లు చేసి వెళ్ళాడన్న బాధ.

మీరు ఇంకా చూడనివాటిలో ఏవి చూడాలో కూడా అడిగారు. 2013, 2014 కథల్ని వెంటవెంటనే చూడండి, క్రాకర్ కోసం. 2015 'ద హజ్బెండ్స్ ఆఫ్ రివర్ సాంగ్'ను మాత్రం 2008లోని గ్రంథాలయం జంట కథ చూడకుండా ముట్టుకోవద్దు. అక్కడ డాక్టర్ భార్య రివర్ తలచుకునే చివరి రాత్రి ఇక్కడ వస్తుంది, ఆ రాత్రి నిడివి ఇరవై నాలుగేళ్ళు అని తెలిసినప్పుడు ఆమె ముఖం చూడాలి.

అన్నిటికంటే ముందు 2010 'ఎ క్రిస్మస్ క్యారల్'. ముందూ వెనకా ఏమీ తెలియనక్కర్లేదు. మైకేల్ గాంబన్ పిసినారి ముసలివాడు. డాక్టర్ అతని బాల్యంలోకి వెళ్ళి మారుస్తుంటే, ఇక్కడ కూర్చున్న ముసలివాడి తలలో కొత్త జ్ఞాపకాలు ఒక్కొక్కటే పుడుతుంటాయి. 2024 కథ మీ దగ్గరికి రాత్రి 10:40కి వచ్చింది, అందుకే ఒంటరిగా చూశారు. దీన్ని అలా చూడకండి. ఏదో ఒక ఆదివారం భోజనాలయ్యాక, మీ అమ్మగారినీ, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ళనూ పిలిచి టీవీలో పెట్టండి. పొగమంచులో చేపలు ఈదుకుంటూ వచ్చి వీధి దీపం చుట్టూ తిరిగే చోట వాళ్ళు ఏమన్నారో నాకు రాయండి.